ఐదును ఏడు చేస్తే ఏం పోతుంది?

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 25 ఏళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో పనిచేస్తున్నా. ఫోన్లు, వీడియో గేముల మీద తెలుగులో వీడియోలు, ఆర్టికల్స్ చేస్తాం. గేమ్ రివ్యూలన్నీ నావే. పోయిన వారం ఓ పెద్ద విదేశీ కంపెనీ గేముకు రివ్యూ కోడ్ వచ్చింది, అంటే రివ్యూ కోసం ఫ్రీగా ఇచ్చే కాపీ. పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్) మీద 31 గంటలు ఆడి పూర్తి చేశా. రెండుసార్లు సేవ్ పోయింది, అంటే అప్పటిదాకా ఆడింది పోయింది. ఫైట్లు వచ్చినప్పుడల్లా ఫ్రేములు పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. రెండో సగం మొత్తం మొదటి సగానికి నకలు. పదికి ఐదు ఇచ్చా. అదే గేము యాడ్ మా దగ్గర రెండు వారాలకు బుక్ అయ్యిందని నాకు అప్పటిదాకా తెలియదు. యాడ్స్ చూసే ఆయన నా సీటు దగ్గరికొచ్చి "గా ఐదు ఏడు చెయ్ తమ్మీ, ఏం పోతది? నీ జీతం గా యాడ్ల నుంచే వస్తది" అన్నడు. మా ఎడిటర్ అన్న మంచోడు, నాకు పని నేర్పిందే ఆయన. ఆయన కూడా "ఏడు వద్దులే, ఆరున్నర చెయ్. లేదంటే శుక్రవారం గేము రిలీజ్ అవనీ, మనం సోమవారం వేద్దాం" అంటున్నడు. నా రూమ్మేట్ ఇక్కడే ఓ గేమ్ స్టూడియోలో టెస్టర్. వాడేమో "మీరు మార్కులు కోస్తే అక్కడ పనిచేసేటోళ్ళ బోనస్ పోతది" అంటడు. కోడ్‌తో పాటు ఓ హెడ్‌సెట్ కూడా పంపారు, అందరికీ పంపారంట. ఇదేమన్నా మందుల కంపెనీనా, ఆటే కదా అని ఒకపక్క అనిపిస్తది. ఇంకోపక్క నిద్ర పడతలేదు. ఉద్యోగం మానేయాలా అక్కా?

— ఓ గేమ్ రివ్యూయర్, కూకట్‌పల్లి

జవాబు:

తమ్ముడూ,

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నిద్ర పట్టట్లేదన్నావు, అందుకే జవాబు ముందే చెప్పేస్తున్నా. ఐదు ఐదుగానే ఉండాలి. శుక్రవారమే రావాలి. ఉద్యోగం మానేయొద్దు, ఇప్పుడే అసలు వద్దు. ఎందుకో, అన్నతో ఎలా మాట్లాడాలో ఇక నింపాదిగా చెప్తాను.

"ఆటే కదా" అన్నావు. ఆ మాట మీద నీకే నమ్మకం లేదు. ఉంటే 31 గంటలు కూర్చుని చివరిదాకా ఆడేవాడివి కాదు. పెద్ద కంపెనీల కొత్త పీఎస్5 గేములు మన దగ్గర ఐదు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి అది చిన్న డబ్బు కాదు. పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరులో కొన్నవాడికి కొంచెం దారి ఉంది: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. ప్లేస్టేషన్ స్టోర్లో ఆ వెసులుబాటు లేదు. డౌన్‌లోడ్ మొదలుపెట్టాక గేములోనే లోపముందని తేలితే తప్ప డబ్బు తిరిగి రాదు. ఇక ఆ రెండో సగం నకలు అన్న సంగతి రెండు గంటలాడితే ఎవరికి తెలుస్తుంది? దాన్ని తెలుసుకున్నది నువ్వు, పదిహేను గంటలు దాటాక. ఇంగ్లీషులో రివ్యూలకు కొదవ లేదు. వాటిని వదిలి నీ దగ్గరికి వచ్చే పిల్లాడు మనోడు, మన మాటలో సరిగ్గా చెప్తాడని వస్తాడు. చాలాసార్లు వాడు వినే మాట నీదొక్కటే.

నీ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలిసిన ఓ కథ ఉంది. నువ్వూ వినే ఉంటావు, అయినా దాన్ని ఇంకోవైపు నుంచి చూడమంటాను. 2007 నవంబర్. అమెరికాలో గేమ్‌స్పాట్ అంటే గేమ్ రివ్యూల్లో పెద్ద పేరు. దాని ఎడిటోరియల్ డైరెక్టర్ జెఫ్ గెర్స్ట్‌మన్, పదేళ్ళకు పైగా అక్కడే పనిచేస్తున్న మనిషి. 'కేన్ అండ్ లించ్: డెడ్ మెన్' అనే గేముకు పదికి ఆరు ఇచ్చాడు. ఆ గేమును అమ్మే ఐడోస్ కంపెనీ అదే సమయంలో గేమ్‌స్పాట్ మొదటి పేజీ నిండా దాని యాడ్లు వేయించింది. నెలాఖరుకల్లా గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. ఎందుకు పోయిందో బయట చెప్పకూడదని ఒప్పందం. పాఠకులు భగ్గుమన్నారు. తర్వాతి నెలల్లో ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చేశారు, 2008లో ఆయనతో కలిసి జెయింట్ బాంబ్ అనే గేమ్ సైటు మొదలుపెట్టారు. 2012 మార్చిలో, గేమ్‌స్పాట్‌కు అప్పటి యజమాని అయిన సీబీఎస్ ఇంటరాక్టివ్ జెయింట్ బాంబ్‌ను కూడా కొన్నది. అప్పుడు ఆ ఒప్పందం తొలగింది, ఆయన నోరు విప్పాడు. అంతకుముందే గేమ్‌స్పాట్ ఇంకో గేముకు ఏడున్నర ఇచ్చినప్పుడూ గొడవైందని, యాడ్లు తీసేసుకుంటామన్న బెదిరింపు వచ్చేసరికి కొత్తగా వచ్చిన యాజమాన్యం తట్టుకోలేకపోయిందని చెప్పాడు.

ఇందులో నేను నీకు చూపించాలనుకున్నది ఇది. ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది ఐడోస్ కాదు. ఆ అధికారమే వాళ్ళకు లేదు. తీసేసింది సొంతింటివాళ్ళు. ఆ ఇంట్లో అంతకుముందు ఇలాంటి ఒత్తిళ్ళను తట్టుకుని నిలబడటం తెలిసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు పోయి తెలియనివాళ్ళు వచ్చారు. అంతే తేడా.

ఇప్పుడు నీ ఉత్తరం మళ్ళీ చదువుకో. నీ సీటు దగ్గరికి ఆ విదేశీ కంపెనీ మనిషి వచ్చాడా? ఫోన్ చేశాడా? నువ్వు రాసినదాన్ని బట్టి ఆ కంపెనీకి నీ ఐదు సంగతి ఇంకా తెలియనే తెలియదు. వాళ్ళకు కోపం వస్తుందేమోనని మీ ఆఫీసులోనే ముందుగా భయపడి, ఆ భయాన్ని తెచ్చి నీ బల్ల మీద పెట్టారు. యాడ్స్ ఆయన చెడ్డవాడని అనను. నెలాఖరుకు లెక్క చూపించాల్సింది ఆయనే. కానీ ఆయన నేరుగా నీ దగ్గరికి రాగలగడమే మీ ఆఫీసులో ఉన్న అసలు జబ్బు. ఆ దారి మూసేయకుండా ఈసారి ఐదు నిలబెట్టుకున్నా, వచ్చే నెల ఇంకో గేముకు ఇదే గొడవ.

అయితే నీకు నిద్ర పట్టనిది ఆయన మాటకు కాదు, అన్న మాటకు. పని నేర్పిన మనిషి "ఆరున్నర చెయ్" అంటే కాదనలేని మొహమాటం. మనవాళ్ళలో ఎన్నో తప్పులు ఇలాగే జరుగుతాయి. బెదిరిస్తే ఎదురు తిరుగుతాం, బతిమాలితే కరిగిపోతాం. నాకూ అలాగే జరిగింది.

1990ల చివర్లో నేను హైదరాబాద్‌లో ఓ పత్రిక డెస్కులో ఉన్నాను. నగర శివార్లలో వెంచర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. ఆదివారం వచ్చిందంటే పేజీలకు పేజీలు ప్లాట్ల యాడ్లే. వాటిలో ఓ లేఅవుట్‌కు హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) అనుమతి లేదని మా విలేకరి వార్త రాశాడు, దిద్దే పని నాది. నన్ను ఆ ఉద్యోగంలో చేర్చిన పెద్దాయనే వచ్చి పక్కన కూర్చున్నారు. వార్త ఆపమనలేదు. "అనుమతి లేదు అనే చోట అనుమతి రావాల్సి ఉంది అని పెట్టమ్మా, రెండూ ఒకటేగా" అన్నారు. పెట్టాను. నాలుగైదు నెలల తర్వాత ఓ స్కూలు టీచరమ్మ ఆ కటింగు మడత పెట్టి పర్సులో పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. "రావాల్సి ఉంది అంటే వస్తుందనుకున్నామమ్మా" అంది. ఆమె అరవలేదు, తిట్టలేదు. ప్లాటు కోసం పెట్టిన డబ్బులో ఎంత అప్పో చెప్పి, ఇప్పుడు ఎవరిని కలవాలో అడిగి వెళ్ళిపోయింది. ఆ వార్తలో నా పేరు కూడా లేదు. అయినా ఆ మార్పు చేసింది నేనే, ఇన్నేళ్ళయినా ఆ కటింగు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

గేముకు, ప్లాటుకు పోలికేమిటని అంటావేమో. డబ్బులో పోలిక లేదు. ఆ మాట మార్చే తీరులో ఉంది. ఐదు అంటే "కొనకు, తగ్గింపు వచ్చేదాకా ఆగు" అని. ఆరున్నర అంటే "పర్లేదు, నీ ఇష్టం" అని. మీ అన్నకు అది ఒకటిన్నర తేడాలా కనిపిస్తోంది, కొనేవాడికి అది సలహాయే మారిపోవడం.

సోమవారం సంగతి కూడా అలాంటిదే, దాన్ని మధ్యేమార్గమనుకోకు. కొత్త గేము కొనాలని ఉబలాటపడేవాళ్ళు మొదటి శని, ఆదివారాల్లోనే కొంటారు. నువ్వు సోమవారం ఎంత నిజం చెప్పినా అది కొన్నవాడికి ఓదార్పే. పెద్ద కంపెనీలకు ఈ కిటుకు బాగా తెలుసు. 2014 నవంబర్‌లో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' వచ్చినప్పుడు, అమెరికాలో గేము అమ్మకాలు మొదలైన పన్నెండు గంటల తర్వాతే రివ్యూలు వేయాలని ఎంబార్గో అనే షరతు పెట్టారు. జనం కొని ఆడి, ముఖాలు మాయమైన బొమ్మల్ని ఫొటోలు తీసి పెట్టాక రివ్యూలొచ్చాయి. 2020 డిసెంబర్‌లో 'సైబర్‌పంక్ 2077' ఇంకో దారి పట్టింది. ముందుగా రివ్యూ చేసేవాళ్ళకు పీసీ కాపీలే ఇచ్చారు, సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపించొద్దన్నారు. మార్కులు బాగా పడ్డాయి. డిసెంబర్ 10న విడుదలైంది. పాత పీఎస్4 మీద కొన్నవాళ్ళ గతి చూశాక వారం తిరిగేసరికి సోనీయే దాన్ని తన స్టోరులోంచి తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. అక్కడ రివ్యూలు రాసినవాళ్ళు అబద్ధమాడలేదు, తమకు చూపించిందే చెప్పారు. అందుకే నీ రివ్యూలో మొదటి పేరాలోనే రాయి: ఏ మిషన్ మీద ఆడావు, ఎన్ని గంటలు, కోడ్ ఎవరిచ్చారు, ఏది చూడనివ్వలేదు. పాఠకుడికి అంకె కంటే ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

"నీ జీతం యాడ్ల నుంచే వస్తది" అన్నది నిజం. దానికి చిన్నబుచ్చుకోవద్దు, కోపగించుకోవద్దు. నా జీతమూ ముప్పై ఏళ్ళు అలాగే వచ్చింది. చిక్కు ఎక్కడుందంటే, మీరు ఎవరి సరుకుకు మార్కులు వేస్తారో వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకుంటున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటరో, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చేవాళ్ళో, బిర్యానీ హోటలో యాడ్ ఇస్తే నీ ఐదు ఏడు కావాలని ఎవరడుగుతారు? యాడ్స్ ఆయనకు ఆ దారి చూపించు. సాయం చేస్తానని కూడా చెప్పు, మీ వీడియోలు ఎవరు చూస్తున్నారో ఆయన కంటే నీకే ఎక్కువ తెలుసు. ఒక్క జాగ్రత్త: సులువుగా డబ్బొస్తుందని పందెం ఆటల యాప్‌ల వైపు మాత్రం చూడొద్దనాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణలో 2017 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం వాటి ప్రచారం చేసినవాళ్ళకు కూడా రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

చట్టం మాట వచ్చింది కాబట్టి, నీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం కూడా చెప్తాను. యాడ్ డబ్బు కోసం మార్కులు మారిస్తే అది రివ్యూ కాదు, ప్రకటన. మన దేశంలో 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి, 2023 జనవరిలో వీడియోలు చేసేవాళ్ళకు ప్రత్యేకంగా సూచనలు వచ్చాయి. డబ్బు గానీ, ఉచిత వస్తువు గానీ, ఇంకే లాభం గానీ ముట్టి ఉంటే ఆ సంగతి స్పష్టంగా, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో చెప్పాలి. వీడియోలో అయితే చూపించాలి, నోటితోనూ చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. అమెరికాలో 2016లో వార్నర్ బ్రదర్స్ ఇందుకే దొరికిపోయింది. 'షాడో ఆఫ్ మోర్డోర్' గేము కోసం యూట్యూబర్లకు డబ్బిచ్చి, బగ్గులు చూపించొద్దని షరతు పెట్టి, డబ్బిచ్చిన సంగతిని వీడియో కింద క్లిక్ చేస్తే తప్ప కనపడని చోట పెట్టించింది. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెట్టింది. కాబట్టి ఆరున్నర చేయాల్సిందే అంటే, "సరే అన్నా, పైన ప్రకటన అని తెలుగులో పెద్దక్షరాలతో వేద్దాం" అను. ఎకసెక్కంగా కాదు, నిజంగానే అడుగు. ఆయన వద్దంటే ఎందుకు వద్దంటున్నాడో ఆయనకే అర్థమవుతుంది.

నీ రూమ్మేట్ మాటను మాత్రం కొట్టిపారేయను. 'ఫాలౌట్: న్యూ వెగాస్' చేసిన అబ్సిడియన్ స్టూడియోకు, రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైటులో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఆ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరే 2012లో ఈ సంగతి బయటపెట్టారు. చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. కానీ ఆ అన్యాయం ఒప్పందం రాసుకున్నవాళ్ళది. పనిచేసినవాడి కూలిని ముక్కూమొహం తెలియని వందమంది అభిప్రాయానికి కట్టేసింది వాళ్ళు. దాన్ని సరిదిద్దడానికి దిల్‌సుఖ్‌నగర్ పిల్లాడి జేబు కోయలేం కదా. నీ రూమ్మేట్‌కు నువ్వు బాకీ ఉన్నది వేరే: గేము పూర్తిగా ఆడటం, బాగున్నదాన్ని బాగుందని పేరుపెట్టి చెప్పడం, ప్యాచ్ (లోపాలు దిద్దే అప్‌డేట్) వచ్చి సేవ్ పోవడం ఆగితే మళ్ళీ ఆడి ఆ మాటా రాయడం. మొదటిది చేశావు. మిగతావి కూడా చెయ్యి.

ఇక హెడ్‌సెట్. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పేసి పక్కకు తప్పుకున్నావు, అందుకే అది నిన్ను కూడా గుచ్చుతోందని నాకనిపించింది. అందరికీ పంపారన్నది జవాబు కాదు. దాన్ని చెవులకు పెట్టుకుని ఆ గేముకే ఐదు ఇచ్చానని చెప్తే, నువ్వు నిజాయితీగా ఇచ్చినా వినేవాడికి అనుమానం వస్తుంది. రేపు ఆఫీసులో మాటామాటా పెరిగితే, మొదట నీ ముందు పెట్టేది ఆ హెడ్‌సెట్టునే. వాడి ఉంటే తుడిచి డబ్బాలో పెట్టు. "మా పద్ధతి ప్రకారం కానుకలు ఉంచుకోం, ధన్యవాదాలు" అని ఒక్క ముక్క రాసి కొరియర్ చెయ్యి. రసీదు దాచుకో. గేము కోడ్ సంగతి వేరు, అది పనిముట్టు. దాన్ని రివ్యూలో చెప్తే సరిపోతుంది.

అన్నతో ఎప్పుడు, ఎలా మాట్లాడాలి? వాట్సాప్ గ్రూపులో వద్దు. యాడ్స్ ఆయన ముందు వద్దు. సాయంత్రం ఇద్దరే చాయ్‌కి వెళ్ళండి. "అన్నా, నాకు ఈ పని నేర్పింది నువ్వే, అందుకే ముందు నీకే చెప్తున్నా, ఇది నేను మార్చలేను" అను. ఆపేసి ఆయన్ను మాట్లాడనివ్వు. ఆయన మీద పైనుంచి ఏం భారం ఉందో నీకు తెలియదు, విను. తర్వాత ఆయనకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వు: నువ్వు రాసినదాంట్లో ఒక్క తప్పు చూపించినా దిద్దుతానని, కంపెనీ వాళ్ళు జవాబు రాసిస్తే రివ్యూ కిందే మొత్తం వేద్దామని, ప్యాచ్ వస్తే మళ్ళీ చూస్తానని. సేవ్ పోయిన రెండుసార్లూ వీడియో తీసి ఉంటే అది ఆయనకు పంపు. రేపు ఆ కంపెనీ ఫోన్ చేస్తే ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆ రాత్రే ఆయనకు మెయిల్ పెట్టు, మాట్లాడుకున్నదంతా నాలుగు లైన్లలో. దాని కిందే ఓ పేజీ పద్ధతి రాసి జత చెయ్యి. యాడ్ల బుకింగులు రివ్యూ రాసేవాళ్ళకు తెలియకూడదు. యాడ్స్ వాళ్ళకు రివ్యూ గురించి ఏదైనా చెప్పాలనుంటే ఎడిటర్‌కే చెప్పాలి, రాసినవాడి సీటు దగ్గరికి రాకూడదు. రివ్యూ తేదీ విడుదలను బట్టే ఉండాలి. కానుకలు వెనక్కి. నెలకో గేము సొంత డబ్బుతో కొనడానికి కంపెనీ ఓ ఐదు వేలు పక్కన పెట్టాలి. ఈ చివరిది నవ్వులాట అనుకోవద్దు. కోడ్ ఇవ్వడం మానేస్తామన్నది వాళ్ళ దగ్గరున్న పెద్ద బెదిరింపు. 2015లో కొటాకు అనే సంస్థ తనకు రెండు పెద్ద కంపెనీలు కోడ్‌లు, జవాబులు ఇవ్వడం మానేశాయని పాఠకులకే చెప్పేసింది. కొనుక్కుని రివ్యూలు రాసింది. నువ్వూ రెండు రోజులు ఆలస్యంగా అయినా రాయగలవు, ఆలస్యానికి కారణం పాఠకులకు చెప్పేస్తే చాలు.

ఇంత చేశాక కూడా అన్న కాదంటే, అరవకు, బయట పెట్టకు, రాజీనామా రాసెయ్యకు. "అయితే నా పేరు తీసేయండన్నా" అని ఒక్కటే అడుగు. పేరు లేకుండా ఆరున్నరతో వేసుకుంటే అది వాళ్ళ మాట అవుతుంది, నీది కాదు. నేను మాట మార్చింది పేరు లేని వార్తలోనే, అయినా అది నన్ను వదల్లేదు. నీ సంగతి వేరు, నువ్వు మార్చనని ముందే చెప్పావు. నీ ఐదు ఉన్న డ్రాఫ్టును తేదీతో సహా దాచుకో. ఇంటికి పంపే డబ్బు ఎంతో, రూమ్ అద్దె ఎంతో లెక్క వేసుకుని మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టడం ఈ నెల నుంచే మొదలుపెట్టు. ఎప్పుడైనా "కాదు" అనాల్సి వస్తే ఆ డబ్బు ఉన్నవాడి గొంతు వణకదు.

వద్దన్నా వినకుండా నీ పేరుతోనే ఆరున్నర వేశారనుకో, ఆ రోజు నాకు మళ్ళీ రాయి. ఎక్కడ పని దొరుకుతుందో అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం. ముందైతే అన్నను చాయ్‌కి పిలువు, శుక్రవారానికి ఎక్కువ రోజులు లేవు.